బీపీ, షుగరు, నడుంనొప్పి ఉన్నవాళ్ళకి యోగా చెప్పేటప్పుడు

మీ ప్రశ్నని క్లుప్తంగా మళ్ళీ చెబుతాను, మిగతావాళ్ళకి అర్థమవడానికి. విశాఖ ఎం.వి.పి. కాలనీలో అపార్ట్‌మెంట్ మేడమీద పొద్దున్న 5:30కి పన్నెండు మందికి యోగా చెబుతున్నారు. వాళ్ళలో ఒక పెద్దాయనకి బీపీ, షుగరు రెండూ ఉన్నాయి. ఒకావిడకి నడుంనొప్పి, ఎడమ కాల్లోకి లాగుతోంది. ఇంకొకావిడకి మోకాళ్ళు వంగవు. డిగ్రీ చదివే అమ్మాయికి ఉన్నట్టుండి గుండెదడ, భయం. "ఏ జబ్బుకి ఏ ఆసనమో ఒక పట్టిక ఇవ్వండి, సొమాటిక్ యోగా అంటున్నారు, అదీ కలపొచ్చా చెప్పండి" అని అడిగారు.

పట్టిక ఇవ్వట్లేదు. ఎందుకంటే, నడుంనొప్పి అంటూ వచ్చిన ఇద్దరిని తీసుకోండి. ఒకరికి డిస్కు వెనక్కి పొంగి నరాన్ని నొక్కుతోంది. ముందుకు వంగితే నొప్పి పెరుగుతుంది, వెనక్కి వాలితే కాస్త తగ్గొచ్చు. రెండో మనిషికి డెబ్భై ఏళ్ళు, వెన్నులో నరాలు వెళ్ళే దారి ఇరుకైపోయింది. కాస్త దూరం నడిస్తే కాళ్ళు బరువెక్కుతాయి, ముందుకు వంగి కూర్చుంటే హాయి, వెనక్కి వాలితే కాళ్ళు లాగేస్తాయి. పట్టికలో "నడుంనొప్పికి భుజంగాసనం" అని ఉంటే మొదటి మనిషికి బాగుండొచ్చు, రెండో మనిషి మర్నాడు క్లాసుకి రారు. జబ్బు పేరు ఒకటే, శరీరం అడిగేది వేరు.

2025 జూన్ 21న ఆర్.కె. బీచ్ నుంచి భోగాపురం దాకా లక్షల మంది ఒకేసారి చేసిన యోగా మన ఊళ్ళో అందరికీ గుర్తే. 45 నిమిషాల కామన్ యోగా ప్రోటోకాల్, అందరికీ ఒకటే వరస. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి అది చక్కటి అలవాటు. జబ్బున్నవాళ్ళ విషయంలో పని సరిగ్గా తిరగబడుతుంది. వరస ముందే రాసిపెట్టుకోకూడదు, మనిషిని చూశాక రాయాలి. ఆ చూడడం ఎలాగో చెబుతాను, మీ పట్టిక దాంట్లోంచే వస్తుంది.

ముందు ఒక నోటుబుక్కు పెట్టండి. ఒక్కొక్కరితో విడిగా, మిగతావాళ్ళ చెవిన పడకుండా, పదిహేను నిమిషాలు కూర్చోండి. "ఏమైనా హెల్త్ ప్రాబ్లమ్స్ ఉన్నాయా" అని అడిగితే మనవాళ్ళు "ఏం లేవండీ" అనేస్తారు. "రోజూ ఏం మాత్రలు వేసుకుంటారు" అని అడగండి, అప్పుడు నాలుగు చెబుతారు. ఇంకా మంచిది, మాత్రల స్ట్రిప్పుల ఫోటో వాట్సాప్‌లో పెట్టమనండి. తర్వాత అడగాల్సినవి: ఏ ఆపరేషన్లు అయ్యాయి, గత ఏడాదిలో ఎప్పుడైనా కింద పడ్డారా, కళ్ళు తిరుగుతాయా, ఏ భంగిమలో నొప్పి పెరుగుతుంది, ఏ భంగిమలో తగ్గుతుంది, రాత్రి వెల్లకిలా పడుకోగలుగుతున్నారా. చివరిది తేలిగ్గా తీసుకోకండి. ఇంతకుముందు ఒక దిండుతో పడుకునే మనిషి ఇప్పుడు మూడు దిండ్లు పెట్టుకుంటే తప్ప ఊపిరి ఆడట్లేదంటే అది గుండె వైపు నుంచి రావచ్చు. శవాసనం నేర్పే ముందు డాక్టరు చూడాలి.

ఇక నడుంనొప్పి ఆవిడ. నలుగురిలో తప్పు జరగడానికి ఎక్కువ అవకాశం ఉన్నది ఇక్కడే కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుతాను.

మూత్రం, విరేచనం మీద పట్టు తప్పినా, తొడల మధ్య, కూర్చునే చోట మొద్దుబారినా అదే రోజు ఆసుపత్రికి, కేజీహెచ్ అయినా ఇంకెక్కడైనా. మర్నాటికి వాయిదా వేసే పని కాదు. పాదం పైకి లేవకుండా చెప్పు జారిపోతున్నా ఆలస్యం చేయకూడదు. జ్వరంతో కలిసి నడుంనొప్పి, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, ఎప్పుడో క్యాన్సర్‌కి వైద్యం జరిగి ఉండడం, ఇలాంటివి ఉన్నా ముందు డాక్టరు, తర్వాతే చాప.

ఇవేవీ లేకపోతే, మొట్టమొదట ఆవిడని 5:30 బ్యాచ్ నుంచి తీసేయండి. రాత్రంతా పడుకున్నప్పుడు వెన్నులోని డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. లేచిన మొదటి గంటలో ముందుకు వంగితే వాటిమీద, వాటి చుట్టూ ఉన్న కట్టుమీద ఒత్తిడి మిగతా రోజుకంటే ఎక్కువ. ఐదింటికి లేచి ఐదున్నరకి సూర్యనమస్కారాల్లో పాదహస్తాసనం వేస్తే, పోటు ఆ పూట రాకపోయినా సాయంత్రానికి రావచ్చు. అందుకే వాళ్ళకి దేనివల్ల వచ్చిందో తెలియదు. ఏడున్నర తర్వాతో సాయంత్రమో పెట్టుకోండి.

రెండోది, కాల్లోకి లాగుతోంది కాబట్టి తొడ వెనక కండరం బిగుసుకుందనుకుని సాగదీయకండి. అక్కడ బిగుతుగా అనిపించేది చాలాసార్లు కండరం కాదు, చిరాకుపడిన నరం. తేడా తెలుసుకోవడం సులువు. కుర్చీలో కూర్చోబెట్టి, ఆ కాలు నెమ్మదిగా ముందుకు చాపమనండి. లాగడం మొదలైన చోట ఆపి, తల మాత్రం కిందికి వంచమనండి. తల వంచితే కాల్లో లాగడం పెరిగి, ఎత్తితే తగ్గితే అది నరమే. తొడ వెనక కండరానికి మెడతో సంబంధం లేదు కదా. నరాన్ని పట్టి లాగితే ఇంకా వాస్తుంది. పశ్చిమోత్తానాసనం, పాదహస్తాసనం, బెల్టు వేసి కాలు పైకి లాగడం మూడూ కొన్ని వారాలు పక్కన పెట్టండి.

నొప్పి ఎటు పోతోందో రోజూ అడగండి. ఇది ఎంత నొప్పి అన్నదానికంటే ముఖ్యం. పిక్క దాకా ఉన్నది తొడకి, తొడలోది పిరుదుకి, అక్కడినుంచి నడుం మధ్యకి వెనక్కి వస్తుంటే, నడుం దగ్గర కాస్త ఎక్కువైనా మీరు సరైన దారిలోనే ఉన్నారు. నడుంలో తగ్గి పాదంలోకి దిగుతుంటే, ఆవిడ "నడుం బాగుందండీ" అని సంతోషపడుతున్నా, ఆ కదలిక ఆపేయాలి.

ఇప్పుడు మీరడిగిన సొమాటిక్. థామస్ హన్నా అనే అమెరికన్ 1970లలో 'సొమాటిక్స్' అన్న మాటని ప్రచారంలోకి తెచ్చారు, ఇది ఆయన పద్ధతి. ఆయన చెప్పేదేమిటంటే, ఏళ్ళ తరబడి బిగపట్టి ఉంచిన కండరాన్ని మెదడు గమనించడం మానేస్తుంది. దాన్ని బయటినుంచి సాగదీస్తే ప్రతిగా బిగుసుకుంటుంది. అందుకని ముందు మనమే కావాలని దాన్ని ఇంకాస్త బిగించి, తర్వాత చాలా నెమ్మదిగా వదలాలి. నిద్రలేచిన పిల్లి ఒళ్ళు విరుచుకోవడం అదే. ఆయన సిద్ధాంతమంతా ఒప్పుకోనక్కర్లేదు. నొప్పికి భయపడి నడుం బిగపట్టుకుని తిరిగే మనిషికి ఈ నెమ్మదైన కదలికలు పనికొస్తాయి, ప్రమాదం తక్కువ. అంతవరకు చాలు.

ఆవిడకి మొదటి రెండు వారాలు నేర్పాల్సింది ఒక్కటే కదలిక. చాపమీద వెల్లకిలా, మోకాళ్ళు మడిచి, పాదాలు తుంటి వెడల్పులో. మెత్తటి పరుపు వద్దు, నేల ఒత్తిడి వీపుకి తెలియాలి. గడ్డం పైకి లేస్తుంటే తలకింద మడతపెట్టిన తువ్వాలు పెట్టండి. ఊపిరి తీసుకుంటూ నడుం చివరి ఎముకని నేలవైపు ఒత్తితే నడుం కింద చిన్న ఖాళీ ఏర్పడుతుంది. అరచెయ్యి దూరేంత చాలు. అక్కడ నడుం కండరాలు రెండు వైపులా సమానంగా బిగిశాయా, ఒకవైపే బిగిశాయా అని గమనించమనండి. తర్వాత ఊపిరి వదులుతూ, ఆరేడు అంకెలు లెక్కపెట్టేంత సేపు తీసుకుని నడుం నేలకి దిగనివ్వాలి. పూర్తిగా దిగాక రెండు మూడు మామూలు ఊపిర్లు ఏమీ చేయకుండా ఉండాలి. ఇలా ఐదారుసార్లు. బలం మూడో వంతుకి మించకూడదు.

ఇంత చిన్నదాంట్లోనూ తప్పులు దొర్లుతాయి. చాలామంది పాదాలతో నేలని తన్ని పిరుదులు లేపేస్తారు, అది సేతుబంధం అయిపోతుంది. కొందరు కిందికి దిగడాన్ని గబుక్కున ముగిస్తారు. అసలు పని జరిగేది ఆ దిగడంలోనే. దిగేటప్పుడు మధ్యలో ఒకచోట గతుకుగా, వణుకుగా తెలుస్తుంది. ఆ చోటుని దాటేయకుండా కాస్త పైకి వెళ్ళి, మళ్ళీ ఇంకా నిదానంగా అదే చోటుకి రావాలి. మీరు పైనుంచి "ఇంకొంచెం, ఇంకొంచెం" అనడం అన్నిటికంటే పెద్ద తప్పు. ఆసనాలు నేర్పే అలవాటు వల్ల నోట్లోంచి వచ్చేస్తుంది. దాని బదులు "ఎక్కడ తెలుస్తోంది, ఎడమా కుడీ ఒకేలా ఉన్నాయా" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఊరుకోండి. వెనక్కి వంగితే కాళ్ళు లాగే డెబ్భై ఏళ్ళ మనిషి అయితే నడుం పైకి లేపే భాగం దాదాపు వదిలేసి, నేలకి ఆనించే భాగమే ఉంచండి.

అయ్యాక పిక్కలు రెండూ కుర్చీమీద పెట్టి, తుంటి, మోకాలు లంబకోణంలో ఉండేలా 8–10 నిమిషాలు పడుకోనివ్వండి. ఇంటికెళ్ళాక నొప్పి 10లో 3 దాటకూడదు, 24 గంటల్లో మామూలు స్థాయికి రావాలి. రాకపోతే కదలిక మార్చకండి, ముందు సంఖ్య సగానికి తగ్గించండి. చాలాసార్లు తప్పేది కదలిక కాదు, మోతాదు. ఈ పని నచ్చినవాళ్ళు ఆరుసార్లు చెబితే ముప్పైసార్లు చేసి వస్తారు.

బీపీ, షుగరు ఉన్న పెద్దాయన దగ్గరకి వద్దాం. రెండు పరికరాలు లేకుండా ఆయన్ని చాపమీద కూర్చోబెట్టకండి: చేతి పైభాగానికి చుట్టే డిజిటల్ బీపీ మిషను, గ్లూకోమీటరు. మణికట్టుకి కట్టే మిషను వద్దు, చెయ్యి కాస్త పైకీ కిందికీ అయితే అంకె మారిపోతుంది. మీ అపార్ట్‌మెంట్ మెట్లెక్కి మేడమీదకి వచ్చిన వెంటనే బీపీ చూస్తే ఎక్కువే వస్తుంది. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలమీద పెట్టి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోనివ్వండి. మోచెయ్యి గుండె ఎత్తులో ఉండాలి, పట్టీ చొక్కా చేతిమీద కాదు, చర్మం మీదే. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రాసుకోండి. 180/110 దాటితే ఆ రోజు క్లాసు లేదు, డాక్టరుకి ఫోను. దాంతోపాటు ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడడం, ఒకవైపు చెయ్యి బలహీనపడడం ఉంటే 108. రోజూ 160/100 పైనే ఉంటుంటే నెమ్మదైన ఊపిరి, విశ్రాంతి మాత్రమే, మాత్రల సంగతి డాక్టరు తేల్చేదాకా.

బీపీ ఉన్నవాళ్ళకి శీర్షాసనం, సర్వాంగాసనం వద్దని అందరికీ తెలుసు. ఎవరూ పట్టించుకోనివి రెండున్నాయి. ఒకటి, ఊపిరి బిగబట్టడం. నౌకాసనంలోనో, కాలు ఎత్తి ఉంచినప్పుడో తెలియకుండా బిగబడతారు, ఆ క్షణంలో బీపీ చర్రున లేస్తుంది. పెదవులు చూడండి, గట్టిగా మూసుకున్నాయంటే బిగబట్టినట్టే. అంకెలు పైకి లెక్కపెట్టిస్తే ఆ అవకాశమే ఉండదు. రెండోది, చేతులు తలపైన పెట్టి చాలాసేపు నిలబెట్టడం. వీరభద్రాసనం వేయించాలనుంటే చేతులు నడుంమీదే ఉంచి, మూడు ఊపిర్లకి బయటికొచ్చేయమనండి.

పైకి లేవడం దీనికి ఎదురు సమస్య. బీపీ మాత్రలు, ముఖ్యంగా నీరు పోయే మాత్రలు, ప్రొస్టేట్‌కి వాడే టామ్‌సులోసిన్ లాంటివి తీసుకునేవాళ్ళకి పడుకుని లేస్తే బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. మన ఊళ్ళో ఏప్రిల్, మే నెలల్లో పొద్దున్నే ఉక్కపోత. చెమట పోసి, చర్మంలో రక్తనాళాలు విప్పారి ఉంటే ఇంకా పడుతుంది. అందుకని ఆయన వరసలో పైకీ కిందికీ గంతులుండకూడదు. నిలబడేవన్నీ ముందు, కూర్చునేవి తర్వాత, పడుకునేవి చివర. లేచేటప్పుడు పక్కకి తిరిగి ఒక నిమిషం, కూర్చుని ఒక నిమిషం, గోడ పట్టుకుని నిలబడి ఇంకో నిమిషం. సూర్యనమస్కారాలు ఈయనకి ఎందుకు కుదరవో దీన్నిబట్టే అర్థమవుతుంది.

మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి బీపీ మాత్రలు వాడుతుంటే నాడి చూసి శ్రమ అంచనా వేయకండి, ఆ మాత్రలు నాడిని పైకి పోనివ్వవు. మాట్లాడించి చూడండి, వాక్యం మధ్యలో ఊపిరి కోసం ఆగకూడదు. అవే మాత్రలు షుగరు పడిపోయినప్పుడు వచ్చే గుండెదడని, వణుకుని కప్పేస్తాయి. చల్లటి చెమట మాత్రం పడుతుంది. మన ఉక్కలో చెమట ఎవరికి పట్టదు, అదీ చిక్కు. అనుమానమొస్తే చూసి పోల్చుకోకండి, వేలు గుచ్చి చూడండి.

పరగడుపున వచ్చే షుగరు మనిషి విషయంలో మాత్ర పేరు తెలిసే తీరాలి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగరు మరీ పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, ఇన్సులిన్ అయితే పడొచ్చు. వాళ్ళకి క్లాసు ముందు 90 కంటే తక్కువ ఉంటే ఒక చిన్న అరటిపండో మూడు మేరీ బిస్కెట్లో తిని కాసేపాగి మొదలుపెట్టాలి. 70 కంటే తక్కువైతే క్లాసు లేదు. 15 గ్రాముల గ్లూకోజు, అంటే మూడు చెంచాల పంచదారో గ్లూకోజు పొడో నీళ్ళలో కలిపి ఇచ్చి, 15 నిమిషాల తర్వాత మళ్ళీ చూడాలి. చాక్లెట్ ఇవ్వకండి, అందులోని కొవ్వు వల్ల షుగరు ఎక్కడం ఆలస్యమవుతుంది. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏదీ పోయకూడదు. 250 పైన ఉండి వాంతులు, కడుపునొప్పి ఉంటే ఆసుపత్రికి పంపాలి.

ఆయన పాదాలు చూడండి. పెద్దాయన మొహమాటపడతారు, అయినా సరే. చాలా ఏళ్ళ షుగరుతో అరికాళ్ళలో స్పర్శ పోతుంది. మేడమీద చిన్న గులకరాయి గుచ్చుకున్నా, మే నెలలో ఎండెక్కిన గచ్చు కాల్చినా ఆయనకి తెలియదు, సాయంత్రానికి పొక్కు, నెలకి పుండు. బీచ్ ఇసుకలో వట్టి కాళ్ళతో నడక కూడా వీళ్ళకి వద్దు. స్పర్శ తగ్గినవాళ్ళు వజ్రాసనంలో కూర్చుంటే నరం నొక్కుకుపోతున్నా తిమ్మిరి తెలియదు. వృక్షాసనం గోడ పక్కనే, ఒక చెయ్యి గోడకి ఆనించి.

ఇంకొకటి: ఈ ఏడాది కంటి వెనక రెటీనా పరీక్ష అయిందా అని అడగండి. రెటీనాలో కొత్త రక్తనాళాలు పుట్టి ఉంటే తల కిందికి వంచడం, భస్త్రిక, కపాలభాతి లాంటి వేగమైన ఊపిరి సాధనలు, బిగబట్టి చేసే ఏ పనైనా కంట్లో రక్తస్రావానికి దారితీయొచ్చు. పరీక్ష కాలేదంటే అయ్యేదాకా ఇవన్నీ లేనట్టే. ఇవి తీసేస్తే ఇంకేం మిగిలిందంటారా? కుర్చీలో లేచి కూర్చోవడం 8–10 సార్లు, గోడని రెండు చేతులతో నెట్టడం, మడమలు ఎత్తి దించడం, కూర్చుని నడుం నుంచి మెల్లగా పక్కలకి తిరగడం, చివర పది నిమిషాలు నాలుగంకెలు ఊపిరి తీసుకుని ఆరంకెలు వదలడం. నిమిషానికి ఆరు ఊపిర్లవుతుంది. షుగరుకి అసలు పని చేసేది పెద్ద కండరాల కదలిక. ధనురాసనం వేస్తే క్లోమం నొక్కుకుని ఇన్సులిన్ ఊరుతుందన్న మాట వినే ఉంటారు, దాన్ని క్లాసులో చెప్పకండి.

నెల తర్వాత అంకెలు తగ్గాయనుకోండి. ఆయన "మాత్ర మానేయనా" అని మిమ్మల్నే అడుగుతారు. రాసిపెట్టిన అంకెల పుస్తకం డాక్టరుకి చూపించమనండి, తగ్గించాల్సింది డాక్టరే. ఈ ప్రశ్నకి యోగా టీచరు సొంతంగా జవాబు చెప్పిన చోటే పక్షవాతాలు వచ్చేది.

మోకాళ్ళావిడకి కుర్చీయే చాప. సుఖాసనంలో కూర్చుంటానని పట్టుబడితే పిరుదుల కింద రెండు మడత దుప్పట్లు వేసి, తుంటి మోకాళ్ళకంటే పైన ఉండేలా చూడండి. వజ్రాసనం, పద్మాసనం అడగొద్దు. కాళ్ళు చాపి, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని నేలకి 5 సెకన్లు నొక్కి వదలడం, ఒక్కో కాలికి పది. తర్వాత దిండు వేసి ఎత్తు పెంచిన కుర్చీలోంచి చేతులు ఊతం లేకుండా లేవడం, వారం వారం దిండు పలచబరచడం. లేచేటప్పుడు మోకాళ్ళు లోపలికి దగ్గరవుతుంటే నొప్పి పెరుగుతుంది, మోకాలు రెండో కాలివేలి వైపు చూడాలి. మోకాలు ఎర్రగా వేడిగా వాచినా, మధ్యలో ఇరుక్కుపోయి కదలకపోయినా డాక్టరు చూడాలి.

డిగ్రీ అమ్మాయి విషయంలో, గుండెదడకి థైరాయిడ్, రక్తహీనత, గుండె లయ పరీక్షలు అయ్యాయో లేదో ముందు కనుక్కోండి. అన్నీ ఆందోళన ఖాతాలో రాసేయకూడదు. అవి బాగున్నాయంటే, మీరు మంచి మనసుతో చేసే మూడు పనులు ఆపాలి: కళ్ళు మూసుకోమనడం, గట్టిగా ఊపిరి పీల్చమనడం, చెప్పకుండా వెనకనుంచి వచ్చి భుజాలు సరిచేయడం. భయం ఉన్న మనిషి కళ్ళు మూసుకుంటే లోపలి గుండె చప్పుడు ఇంకా పెద్దదవుతుంది. పెద్ద పెద్ద ఊపిర్లు వేగంగా తీసుకుంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, వేళ్ళు తిమ్మిరెక్కి, తల తేలిపోయి, భయానికి భయం తోడవుతుంది. మన ఊళ్ళో ఇంకో సంగతి. 2020 మే 7 వేకువన ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ గ్యాస్ లీకైనప్పుడు ఆ చుట్టుపక్కల ఉన్నవాళ్ళు మీ క్లాసుకి వస్తే, "నిండుగా ఊపిరి తీసుకోండి" అన్న మాట కొందరికి విశ్రాంతి కాదు. కారణం అడగకుండానే వేరే దారి ఇవ్వండి.

ఆ దారి: కళ్ళు తెరిచే ఉంచి, తలని నిదానంగా ఒక పక్కనుంచి ఇంకో పక్కకి తిప్పుతూ గదిలో ఐదు వస్తువులు చూడనివ్వండి. తర్వాత కుర్చీలో కూర్చుని ఎడమ పాదం, కుడి పాదం మార్చి మార్చి నేలని నొక్కడం, ఒక్కో పాదానికి పది. అరిచేతులు తొడలమీద కాస్త బలంగా రుద్దడం. ఊపిరిని ముట్టుకోకుండా ఇవి ఐదు నిమిషాలు. కాస్త కుదుటపడ్డాక వదిలే ఊపిరిని "మ్..." అంటూ పొడిగించడం, అంటే చెవులు మూసుకోకుండా చేసే భ్రామరి. "ఇది చేయండి" బదులు "ఇది కావాలంటే ఇది, లేకపోతే అది" అనండి. ఎంచుకునే వీలుండడమే ఆ అమ్మాయికి సగం చికిత్స. చనిపోవాలనిపిస్తోందని ఎప్పుడైనా అంటే వెంటనే ఇంట్లోవాళ్ళకి చెప్పి మానసిక వైద్యుడి దగ్గరకి పంపాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది.

మీ మిగతా ఎనిమిది మందిలో బయటపడే అవకాశం ఉన్నవి గబగబా. గ్లకోమా (కంటి ఒత్తిడితో చూపు నరం దెబ్బతినే జబ్బు) ఉంటే తల కిందికి పెట్టేవేవీ వద్దు, అధోముఖ శ్వానాసనంతో సహా. నిమిషంలోపే కంటి ఒత్తిడి పెరుగుతుంది. నెలసరి ఆగిపోయి ఎముకలు పలచబడిన ఆడవాళ్ళకి హలాసనం, వీపు గుండ్రంగా వంచే పశ్చిమోత్తానం, గట్టి మెలికలు వద్దు, వెన్నుపూస ముందువైపు నలిగిపోవచ్చు. పక్కమీద అటు తిరిగితే ఇల్లు గిర్రున తిరిగే రకం కళ్ళు తిరుగుడు ఉంటే ఈఎన్‌టీ డాక్టరు ఒక పూటలో సరిచేయొచ్చు, ఆసనాలతో తంటాలు పడకండి. థైరాయిడ్‌కి సర్వాంగాసనం అన్నది ప్రచారమే, మాత్ర బదులు అదీ ఇదీ ఏదీ పనిచేయదు. ఉబ్బసం ఉన్నవాళ్ళ ఇన్‌హేలర్ సంచిలో కాదు, చాప పక్కన ఉండాలి, క్లాసులో అగరుబత్తి, కర్పూరం మానేయండి. కపాలభాతి గర్భిణులకి, హెర్నియా, మూర్ఛ, గుండె జబ్బు ఉన్నవాళ్ళకి, పొట్ట ఆపరేషన్ కొత్తగా అయినవాళ్ళకి నేర్పకండి. జలనేతికి, అంటే ముక్కు కడగడానికి, కొళాయి నీళ్ళు వాడకూడదు, మరిగించి చల్లార్చిన లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు.

ఇవన్నీ వింటే యోగా వల్ల లాభమేంటి అనిపించొచ్చు. దీర్ఘకాలం వేధించే నడుంనొప్పికి మందులకంటే ముందు ప్రయత్నించదగిన వాటిలో యోగాని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో చేర్చింది. గుండెపోటు వచ్చినవాళ్ళ మీద మన దేశంలో 24 ఆసుపత్రుల్లో సుమారు 4,000 మందితో చేసిన యోగా-కేర్ పరీక్ష ఫలితాలు 2020లో వచ్చాయి. యోగా చేసినవాళ్ళు తమ ఆరోగ్యం మెరుగ్గా ఉందన్నారు, మునుపటి పనుల్లోకి ఎక్కువగా తిరిగి వెళ్ళగలిగారు. మళ్ళీ గుండెపోటు, మరణం తగ్గాయని మాత్రం తేలలేదు. ఆవిడ ఇంట్లో పని చేసుకోగలగడం, ఆయన భయం లేకుండా మెట్లెక్కడం, ఇవి మీరు ఇవ్వగలరు. ఇంతకు మించి బోర్డుమీద రాయకండి.

నడిపే పద్ధతి. పన్నెండు మందిలో ఈ నలుగురిని విడదీసి వేరే వేళ పెట్టండి, ఆ బ్యాచ్ ఎప్పుడూ నలుగురు దాటకూడదు. అంతకుమించితే పెదవులు ఎవరివి మూసుకున్నాయో మీకు కనపడవు. మెట్లెక్కలేనివాళ్ళున్నారు కాబట్టి మేడ వద్దు, కింద సెల్లారో కమ్యూనిటీ హాలో అడగండి. చక్రాలు లేని, చేతులున్న కుర్చీలు నాలుగు, గోడకి ఆనించి. గంట అక్కర్లేదు, 40 నిమిషాలు, వారానికి మూడు రోజులు, మిగతా రోజుల్లో ఇంట్లో 10 నిమిషాలకి మించని పని. ఒక్కసారికి ఒక్కటే కొత్త కదలిక నేర్పితే ఏది పడిందో, ఏది పడలేదో తెలుస్తుంది. మూడు ఒకేసారి నేర్పితే మర్నాడు నొప్పి దేనివల్లో మీరూ చెప్పలేరు. యోగా సర్టిఫికేషన్ బోర్డులో టీచర్లకి, థెరపిస్టులకి వేర్వేరు స్థాయిలున్నాయి. ఈ పనిలో ఉండాలనుకుంటే రెండోది చదవండి. ఆంధ్రా యూనివర్సిటీలో యోగా విభాగం ఉంది, వెళ్ళి కనుక్కోండి.

నడుంనొప్పి ఆవిడ గురించి మీరు రాయనివి రెండున్నాయి: దగ్గినా తుమ్మినా కాల్లోకి లాగుతోందా, సోఫాలో కూర్చుంటే పెరుగుతోందా నడిస్తే పెరుగుతోందా. కుర్చీలో తల వంచి చూసే పరీక్ష కూడా చేసి, మూడు జవాబులూ ఇక్కడ రాయండి. మొదటి రెండు వారాల తర్వాత ఏం కలపాలో వాటిని బట్టి చెబుతాను.